డీసీలోకి వెళ్ళే ముందు కారులో, బ్యాగులో ఖాళీ తూటా షెల్ కూడా మిగలకుండా చూసుకోవడం ఎలా

వర్జీనియాలో ఉంటూ శనివారం తుపాకీ కాల్చడం సాధన చేసే షూటింగ్ రేంజ్‌కి, ఆదివారం ఇండియా నుంచి వచ్చిన చుట్టాలని తీసుకుని నది అవతల ఉన్న వాషింగ్టన్ డీసీ మ్యూజియాలకి వెళ్ళే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఆష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ వైపు మనవాళ్ళలో ఈ మధ్య రేంజ్‌కి వెళ్ళేవాళ్ళు బాగా పెరిగారు, తప్పేం లేదు, కానీ పొటోమాక్ నదికి ఇవతల వర్జీనియాలో ఎవరూ పట్టించుకోని, పేలిన తూటా వదిలే ఖాళీ ఇత్తడి గొట్టం (షెల్) నది దాటి డీసీలోకి రాగానే చట్టం దృష్టిలో మందుగుండు సామగ్రి అవుతుందని చాలామందికి తెలియదు. నాక్కూడా చాలా ఏళ్ళు తెలియదు.

మా బావమరిది గుంటూరు నుంచి వచ్చినప్పుడు తెలిసింది. చెర్రీ పూలు చూద్దామని ఐ-66 మీద వెళ్తున్నాం, ఇంకో రెండు మూడు నిమిషాల్లో రూజ్వెల్ట్ బ్రిడ్జి ఎక్కుతాం అనగా "బావా, కాలి కింద ఏదో దొర్లుతోంది" అంటూ వంగి తీశాడు. 9 ఎం.ఎం. ఖాళీ షెల్. ముందు వారం రేంజ్ నుంచి వచ్చేటప్పుడు నా జాకెట్లోంచి జారిపడి ఉంటుంది. రాస్లిన్ ఎగ్జిట్ తీసుకుని, గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపి, అక్కడి చెత్తబుట్టలో పడేసి, కారు మొత్తం వెతికాక గాని ముందుకి కదల్లేదు. వెనక సీట్లో అత్తయ్యగారు ఏమైందోనని ఒకటే కంగారు. ఆ రాత్రి కూర్చుని డీసీ చట్టం మొత్తం చదివాను, అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతే ఇది. నేను లాయర్ని కాను, మీ మీద కేసు ఏదైనా ఉంటే లాయర్ దగ్గరికే వెళ్ళండి.

ముందు చట్టం దేన్ని మందుగుండు అంటోందో తెలుసుకోండి. ఒక తూటాలో నాలుగు భాగాలుంటాయి. బయట ఇత్తడి గొట్టం, దాన్నే కేస్ అనో షెల్ అనో అంటాం. గొట్టం అడుగున ప్రైమర్ అనే చిన్న బిళ్ళ. లోపల మందు. ముందు భాగంలో దూసుకెళ్ళే బుల్లెట్. మామూలుగా మనం ఈ నాలుగూ కలిసి ఉంటేనే తూటా అనుకుంటాం, పేలిపోయింది కాబట్టి ఇక అది ఇత్తడి ముక్కే అనుకుంటాం. డీసీ అలా అనుకోదు. 1976లో అమల్లోకి వచ్చిన అక్కడి ఆయుధ నియంత్రణ చట్టం కేసులు, షెల్స్, ప్రైమర్లు, బుల్లెట్లు, మందు, చివరికి షాట్‌గన్ తూటాలో ఉండే చిన్న చిన్న గుండ్లతో సహా ఒక్కొక్కదాన్నీ విడివిడిగా పేరు పెట్టి ఈ నిర్వచనంలో చేర్చింది. డీసీలో తుపాకీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు, డీలర్లు, డ్యూటీలో ఉన్న అధికారులు, శిక్షణ క్లాసులో ఉన్నవాళ్ళు, ఇలాంటి కొద్దిమంది తప్ప ఎవరి దగ్గరా ఇవి ఉండకూడదు. ఉంటే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

2008లో సుప్రీంకోర్టు హెల్లర్ కేసులో డీసీ చేతి తుపాకుల నిషేధాన్ని కొట్టేసింది కదా, ఇక అక్కడ కూడా వర్జీనియా లాగే అనుకునేవాళ్ళు ఉన్నారు. కాదు. నిషేధం పోయింది, రిజిస్ట్రేషన్ ఉండిపోయింది, దానితోపాటే ఈ మందుగుండు సెక్షన్ కూడా. 2012లో జార్జిటౌన్‌లో ఒక వ్యాపారి ఇంట్లో పోలీసులు సోదా చేశారు, దొరికిన వాటిలో పేలని షాట్‌గన్ షెల్ ఒకటి, ఒక ఖాళీ కేసు, గొట్టం మొన నుంచి మందు, బుల్లెట్ విడివిడిగా దట్టించే పాతకాలపు మజిల్‌లోడర్ తుపాకీకి వాడే బుల్లెట్లు ఉన్నాయి. ఆ మజిల్‌లోడర్ బుల్లెట్లకి ప్రైమరూ ఉండదు, మందూ ఉండదు, ఉత్త లోహపు ముక్కలు. అయినా 2014 మార్చిలో జడ్జి ఆయన్ని దోషి అన్నారు, 50 డాలర్ల జరిమానా వేసి, తుపాకీ నేరస్తుల జాబితాలో పేరు నమోదు చేయించుకోమన్నారు. ఆ తీర్పు తర్వాత ఏ మలుపు తిరిగినా, రెండేళ్ళు కోర్టు చుట్టూ తిరిగింది మాత్రం నిజం. ఖాళీ షెల్ ఒక్కటి దొరికితే ప్రతిసారీ కేసు పెడతారని నేను అనడం లేదు, పెట్టడానికి చట్టంలో చోటుంది అంటున్నాను.

రెండో పని, అసలు రేంజ్‌లో అడుగు పెట్టకముందే చేయాల్సింది: మీ వీసా ఏంటో చూసుకోండి. ఇది డీసీ సంగతి కాదు, దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం, నాకు అన్నిటికంటే ఎక్కువ భయం వేసేది దీని గురించే. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పని చేసుకునే అనుమతి), విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు, వీళ్ళందరూ నాన్-ఇమిగ్రెంట్ల, అంటే తాత్కాలికంగా వచ్చినవాళ్ళ కిందకే వస్తారు, వీళ్ళు తుపాకీ గాని మందుగుండు గాని దగ్గర పెట్టుకోకూడదని 922(జి) సెక్షన్ చెబుతుంది. రేంజ్ వాళ్ళు అద్దెకి ఇచ్చిన తుపాకీ గంటసేపు చేతిలో పట్టుకున్నా అది పట్టుకోవడమే. ఈ ఫెడరల్ చట్టం కూడా ఖాళీ కేసుల్ని, ప్రైమర్లని మందుగుండు నిర్వచనంలో చేర్చింది. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. మినహాయింపు ఉంది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే ఈ నిషేధం వర్తించదు, అందుకే తెలిసినవాళ్ళు ముందు ఆ లైసెన్స్ తీసుకుని, కాపీ జేబులో పెట్టుకుని వెళ్తారు. కౌంటర్ దగ్గర ఎవరూ వీసా అడగలేదు, ఫారం మీద సంతకం పెట్టించుకుని పంపించారు అంటే మీకు అనుమతి ఉన్నట్టు కాదు.

ఇదేదో పుస్తకాల్లో ఉండే భయం అనుకోకండి. ఫ్లోరిడాలో ఎఫ్-1 మీద వచ్చిన ఒక విద్యార్థిని యూనివర్సిటీ తీసేసింది, దాంతో స్టేటస్, అంటే అమెరికాలో చట్టబద్ధంగా ఉండే అనుమతి, పోయింది, ఆ తర్వాత రేంజ్‌కి వెళ్ళి కాల్చాడు, మిగిలిన తూటాలు దగ్గర ఉంచుకున్నాడు. కింది కోర్టు 18 నెలల శిక్ష వేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, తన స్టేటస్ పోయిందని అతనికి తెలుసునని ప్రభుత్వమే నిరూపించాలని 2019లో కోర్టు చెప్పింది. ఆ ఒక్క మాట చెప్పించుకోవడానికి ఎన్నేళ్ళు, ఎంత డబ్బు, ఎంత టెన్షన్ పడి ఉంటాడో ఆలోచించండి. ఓపీటీ చివర్లో ఉన్న పిల్లలు, ఉద్యోగం పోయి, ఇంకోటి వెతుక్కోవడానికి ఇచ్చే గ్రేస్ పీరియడ్ గడువులో ఉన్నవాళ్ళు ఫ్రెండ్స్ పిలిచారని సరదాకి కూడా వెళ్ళకండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు, కానీ కేసు అంటూ అయితే పౌరసత్వం దరఖాస్తులో దాని గురించి రాయాల్సిందే.

ఇక రేంజ్‌లో. సగం పని ఇక్కడే అయిపోతుంది. పిస్టల్ కాల్చినప్పుడు ఖాళీ షెల్ మామూలుగా కుడివైపుకి ఎగురుతుంది, అంటే మీ ఎడమ పక్క లేన్లో (ఒక్కొక్కరూ నిలబడి కాల్చే చోటు) ఉన్నతని షెల్స్ మీ మీదకే వస్తాయి. కాలర్లో పడితే చురుక్కుమంటుంది కాబట్టి తెలుస్తుంది. హుడీ వెనక టోపీలో పడితే తెలియదు. జాకెట్ జేబులో, మడిచిన ప్యాంటు అంచులో, బూటు నాలుక పక్కన, జిప్ తీసి కింద పెట్టిన బ్యాగులో పడినా తెలియదు. నాకు దొరికిన షెల్ రెండు సెంటీమీటర్లు కూడా లేదు, వేలి కొస మీద నిలబెట్టొచ్చు, అడుగున ప్రైమర్ మధ్యలో పిన్ను కొట్టిన గుంట ఆవగింజంత. అంత చిన్నది.

అందుకని లేన్ వదిలే ముందు హుడీ విప్పి తిరగేసి దులపండి, ప్యాంటు అంచులు విప్పండి, జేబులన్నీ బయటికి లాగండి. కాల్చగా మిగిలిన తూటాలు లెక్క చూసుకుని డబ్బాలోనే పెట్టండి, ఒకటి రెండే కదా అని జేబులో వేసుకోవద్దు, వారం తర్వాత ఎయిర్‌పోర్టులో దొరికేవి సరిగ్గా అవే. ఖాళీ షెల్స్‌కి రేంజ్‌లో బకెట్లు ఉంటాయి, అందులో వేసేయండి. పిల్లలు ముచ్చటపడి ఒకటి గుర్తుగా ఉంచుకుంటానంటారు, పెద్దవాళ్ళూ అంటారు, దయచేసి వద్దనండి, టార్గెట్ కాగితం ఇంటికి తెచ్చుకోండి, దాంతో ఏ చట్టానికీ పేచీ లేదు. పేలకుండా మిగిలిపోయిన తూటా ఉంటే మాత్రం బకెట్లో వేయకండి. ప్రైమర్ మీద గుంట పడి ఉంటుంది, చూడగానే వాడేసినట్టు అనిపిస్తుంది, కానీ బుల్లెట్ ఇంకా మొనలోనే ఉంటుంది, అంటే మందు లోపలే ఉంది. దాన్ని రేంజ్ ఆఫీసర్ చేతికే ఇవ్వాలి.

రేంజ్‌కి వేరే బ్యాగు పెట్టుకోండి. నేను ఇక్కడే తప్పు చేశాను, ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగే అన్నిటికీ వాడేవాణ్ణి. ఇప్పుడు ఎర్ర రంగు బ్యాగు ఒకటి కొన్నాను, అది గరాజ్ దాటి ఇంట్లోకి కూడా రాదు. చేతి సామాను బ్యాగు, పిల్లల స్కూల్ బ్యాగు, డైపర్ బ్యాగు, వీటిలో దేన్నీ ఒక్కసారికి కూడా రేంజ్‌కి తీసుకెళ్ళకండి.

డీసీకి బయల్దేరే ముందు కారు చూడటానికి పది నిమిషాలు పడుతుంది. సీట్లు పూర్తిగా ముందుకి జరిపి పట్టాల మధ్య టార్చి వేసి చూడండి, షెల్స్ గుండ్రంగా ఉంటాయి కాబట్టి బ్రేకు వేసినప్పుడల్లా దొర్లి అక్కడికే చేరతాయి. కప్ హోల్డర్ అడుగున చిల్లర కింద, తలుపు జేబుల్లో, డిక్కీలో స్పేర్ టైరు గుంటలో, బేబీ సీటు కింద కూడా. మ్యాట్లు బయటికి తీసి దులపండి. రేంజ్‌కి మీరు వెళ్ళకపోయినా మీ కారు ఫ్రెండ్ వాడుకుంటే, లేదా కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైతే, ఇదంతా మీకూ వర్తిస్తుంది. తాళం చెవుల గుత్తికి బుల్లెట్ కీచైన్, పెద్ద తూటాతో చేసిన సీసా మూత ఓపెనర్, షెల్‌తో చేసిన పెన్ను, ఇవి అలంకారం వస్తువులే, కోర్టులో మీరే నెగ్గొచ్చు కూడా, కానీ వాదించుకోవాల్సిన వస్తువు వెంట తీసుకెళ్ళడం దేనికి, ఇంట్లో పెట్టి వెళ్ళండి.

హద్దు ఎక్కడో కూడా తెలిసి ఉండాలి. రీగన్ ఎయిర్‌పోర్టు పేరులో వాషింగ్టన్ ఉన్నా అది ఆర్లింగ్టన్, వర్జీనియానే. షాంటిలీలో విమానాల మ్యూజియం స్మిత్‌సోనియన్ వాళ్ళదే అయినా వర్జీనియాలో ఉంది, సెక్యూరిటీ తనిఖీ మాత్రం ఉంటుంది. సిల్వర్ లైన్ మెట్రో 2022 నవంబర్ నుంచి ఆష్‌బర్న్ దాకా వచ్చింది, అందులో కూర్చుంటే రాస్లిన్ దాటాక నది కింద సొరంగంలోనే డీసీలోకి వెళ్ళిపోతారు. మేరీలాండ్‌లో ఉన్న లాన్హామ్ శివవిష్ణు గుడికి డీసీ చుట్టూ తిరిగే రింగు రోడ్డు బెల్ట్‌వే మీద దక్షిణం వైపు నుంచి వెళ్తే విల్సన్ బ్రిడ్జి మీద నీళ్ళ మధ్య కొంచెం దూరం డీసీ హద్దే. చట్టబద్ధంగా ఒక చోటు నుంచి ఇంకో చోటుకి తుపాకీ, తూటాలు విడిగా డిక్కీలో తాళం వేసి ఆగకుండా దాటిపోయేవాళ్ళకి ఫెడరల్ చట్టం, డీసీ చట్టం రెండూ రక్షణ ఇస్తాయి. దారిలో మాన్యుమెంట్ దగ్గర ఆగి ఫోటోలు దిగి, భోజనం చేసి వెళ్దాం అనుకుంటే ఆ రక్షణ మీద ఆశ పెట్టుకోకండి.

ఇంత చేసినా డీసీ లోపల ఉండగా దొరికిందనుకోండి. మ్యూజియం చెత్తబుట్టలోనో కాలవలోనో పడేయకండి, కెమెరాలు ఉంటాయి, పైగా అది ఇంకో చిన్నపిల్లాడికి దొరుకుతుంది. డీసీ చట్టంలోనే ఒక మంచి సెక్షన్ ఉంది, ఎవరైనా తమంతట తాముగా, శాంతంగా తుపాకీ గాని మందుగుండు గాని పోలీసులకి అప్పగిస్తే ఆ వస్తువు విషయంలో ఈ చట్టం కింద అరెస్టు గాని ప్రాసిక్యూషన్ గాని ఉండకూడదు. పోలీస్ స్టేషన్‌లో ఇవ్వొచ్చు, లేదా మీ ఇంటికో ఆఫీసుకో పోలీసుని పిలిపించి ఇవ్వొచ్చు. ముందు ఫోన్ చేసి "నా దగ్గర ఇది ఉంది, అప్పగించాలి, ఎలా రమ్మంటారు" అని అడగండి, వాళ్ళు చెప్పినట్టు చేయండి. పోలీసులే కనిపెట్టాక ఇస్తానంటే ఇది పనిచేయదు. డీసీలోకి ఇల్లు మారేవాళ్ళు సామాను ట్రక్కెక్కక ముందే పాత టూల్ బాక్సులు, క్యాంపింగ్ సామాను అన్నీ తెరిచి చూసుకోవడం మంచిది.

పోలీసులే కనిపెడితే గొడవపడొద్దు, పరిగెత్తొద్దు, చేతులు కనిపించేలా ఉంచండి. పేరు చెప్పండి, ఆ తర్వాత "లాయర్‌తో మాట్లాడాకే చెబుతాను" అనండి. మనవాళ్ళకి ఉన్న అలవాటు, నిజాయితీగా మొత్తం కథ చెప్పేస్తే వదిలేస్తారని చెప్పేస్తాం, ఎక్కడ కాల్చాం, ఎవరితో వెళ్ళాం, ఎన్నిసార్లు వెళ్ళాం అన్నీ. వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ మాటలే పైన చెప్పిన ఫెడరల్ చట్టం కింద రెండో కేసు అవుతాయి. జరిమానా కట్టి వెళ్ళిపోవచ్చు, చిన్న కేసే అని ఎవరు చెప్పినా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా నేరం ఒప్పుకోకండి. ఒప్పుకుంటే ఇమిగ్రేషన్ మీద ఏ ప్రభావం పడుతుందో క్రిమినల్ లాయర్ క్లయింటుకి చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, కాబట్టి మీ లాయర్ని మొహమాటం లేకుండా అడగండి.

బోస్టన్ వైపు చదువుకునే పిల్లలకి ఒక మాట. మసాచుసెట్స్ చట్టం కూడా ఖాళీ కేసుల్ని మందుగుండు అనే అంటుంది, దానికి లైసెన్స్ కావాలి. న్యూ హాంప్‌షైర్‌లో రేంజ్‌కి వెళ్ళి సాయంత్రానికి బోస్టన్ తిరిగొచ్చేవాళ్ళు కారు తనిఖీ సరిహద్దు దాటకముందే చేసుకోవాలి.

చివరిగా ఇండియా ప్రయాణం. సూట్‌కేస్ సర్దే ముందు ఖాళీగా ఉన్నప్పుడే బోర్లించి, లైనింగ్ జిప్పులు కూడా తెరిచి తట్టండి. మన ఆయుధ చట్టం 1959 నాటిది, అందులో మందుగుండు అంటే దాని భాగాలు కూడా. లైసెన్స్ లేకుండా దగ్గర ఉంటే 2019 సవరణ తర్వాత రెండేళ్ళకి తగ్గకుండా ఐదేళ్ళ దాకా జైలు అని ఉంది. ఖాళీ షెల్ లాంటి చిన్న భాగాలు, వాడే ఉద్దేశం లేకుండా ఉంటే, 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. ఒకే ఒక్క తూటాకి కూడా అదే వర్తిస్తుందని 2012లో ఢిల్లీ హైకోర్టు ఒక ప్రయాణికుడి కేసు కొట్టేసింది. బ్యాగులో ఉందని తెలిసి పెట్టుకుంటేనే నేరం అని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. ఇవన్నీ మన వైపే ఉన్నాయి, కానీ ఇవి పనికొచ్చేది ఫ్లైట్ తప్పిపోయి, ఎఫ్ఐఆర్ అయ్యి, హైకోర్టుకి వెళ్ళాక. అంతకుముందు దుబాయ్‌లోనో దోహాలోనో ఫ్లైట్ మారితే అక్కడి చట్టం వేరు, అక్కడ మీకు తెలిసిన లాయరూ ఉండడు.

శంషాబాద్‌లో గాని ఢిల్లీలో గాని స్కానర్లో కనిపించిందని ఆపితే, పాస్‌పోర్టుతో పాటు రేంజ్ రసీదు ఫోన్లో ఉంటే లాయర్‌కి వెంటనే పంపండి, అది ఎక్కడి నుంచి వచ్చిందో, బ్యాగులో ఎలా ఉండిపోయిందో చెప్పడానికి అదే ఆధారం. రాసిచ్చిన వాంగ్మూలం చదవకుండా సంతకం పెట్టకండి. తెలుగులోనో ఇంగ్లీషులోనో చదివి వినిపించమని అడగండి. ఊళ్ళో తుపాకీ లైసెన్స్ ఉన్న బాబాయిలు, మామయ్యలు ఉంటే వాళ్ళకీ చెప్పండి, పొలానికి తీసుకెళ్ళే చేతిసంచీనే తిరుపతి ఫ్లైట్‌కి పట్టుకొస్తారు, అడుగున పాత తూటా ఒకటి ఉండనే ఉంటుంది. బయల్దేరే ముందు రోజు రాత్రి ఆ సంచీ మంచం మీద బోర్లించమనండి.